గింజల ఊపిరికి మెమో

కోనంపేట విత్తన పరీక్ష కేంద్రంలో సులోచన చేరి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లూ ఆమె చేసిన పని ఒక్కటే. సంఘాలూ కంపెనీలూ పంపిన గింజలు బతికున్నాయా, చచ్చిపోయాయా అని చెప్పడం. ఒకేచోటి నుంచి వచ్చిన బస్తాలన్నీ కలిపి ఒక లాటు. ఒక్కో లాటు నుంచి నాలుగు వందల గింజలు లెక్కపెట్టేది. తడి కాగితాల మీద వరుసగా పేర్చి, చాపలా చుట్టి, మొలక గదిలో నిలబెట్టేది. వరి అయితే పద్నాలుగు రోజులాగి చుట్టలు విప్పేది. నూటికి ఎనభై మొలిస్తే పాసు, తగ్గితే ఫెయిలు. ఆమె సంతకం పడ్డాకే ఆ గింజలు పొలానికి వెళ్లేవి. అంతవరకు బస్తాలన్నీ కేంద్రం వెనక గోదాములో సీలుతో ఉండేవి.

ఈ పని చేసినందుకు ఆమెనెవరూ మెచ్చుకోలేదు. ఎవరూ ఆమె జోలికీ రాలేదు. ఆమెకు అదే సుఖంగా ఉండేది.

మే నెల చివరి సోమవారం ఆ సుఖం పోయింది. ఆ రోజు గదిగదికీ మీటరు బిగించారు.

సంగతేమిటంటే, శాఖ కమిషనర్ గారు వాతావరణం మీద జరిగిన ఏదో పెద్ద సదస్సుకు వెళ్లొచ్చారు. వస్తూ వస్తూ ఒక పథకం తెచ్చారు. దాని పేరు శూన్య ఉద్గార కార్యాలయ పథకం. దాని ప్రకారం శాఖలోని ప్రతి కార్యాలయమూ తన గదుల్లో పుట్టే బొగ్గుపులుసు వాయువును కొలిచి, వారం వారం తగ్గించి, చివరికి సున్నాకు తేవాలి. తెచ్చినవారికి రాష్ట్రస్థాయి అవార్డు. కేంద్రం ముందు పచ్చటి బ్యానరు కట్టారు: "శూన్యమే మన లక్ష్యం. మన కార్యాలయమే శూన్యం."

వెనక షెడ్డులో డీజిలు జనరేటరు ఒకటుంది. అది మొదలైతే ఎదురు వీధి దాకా పొగ కమ్ముకుంటుంది. కానీ షెడ్డు గది కాదు కాబట్టి దానికి మీటరు లేదు. జాయింట్ డైరెక్టర్ శరభేశ్వరరావు గారి కారు ఇంజను ఆపకుండా పోర్టికోలో నిలబడి ఉంటుంది, ఆయన ఎక్కేసరికి లోపల చల్లగా ఉండాలని. పోర్టికో కూడా గది కాదు. ఇలా ఒక్కొక్కటే తీసేస్తూ పోగా, కేంద్రంలో బొగ్గుపులుసు వాయువు పుట్టే చోటు ఒక్కటే మిగిలింది. ఊపిరి.

మరునాడు ఉదయం హాల్లో పెట్టిన తెరమీద, ఏ గదిలో పదిలక్షల పాళ్ల గాలికి ఎన్ని పాళ్లు ఆ వాయువుందో అంకెలు కనబడ్డాయి. ఆరువందల లోపు పచ్చ, వెయ్యి దాకా పసుపు, ఆపైన ఎరుపు. మొలక గది అంకె రెండు వేల మూడు వందల నలభై. సులోచనకు పిలుపొచ్చింది.

శరభేశ్వరరావు గారు వ్యవసాయ శాఖకు రాకముందు దేవాదాయంలో, అంతకుముందు తూనికలు కొలతల్లో పనిచేశారు. ఏ శాఖలోనైనా ఫైలు ఒక్కటే అని ఆయన నమ్మకం.

"మేడమ్, మీ గదిలో ఏం మండుతోంది?" అని అడిగారు.

"ఏమీ మండట్లేదు సార్. గింజలు ఊపిరి పీలుస్తున్నాయి."

"గింజలా?"

"అవును సార్. ఎండుగా ఉన్నంతసేపు గింజ నిద్రలో ఉన్నట్టే ఉంటుంది. తడి తగిలితే లేస్తుంది. లోపల ఎంజైములుంటాయి సార్. అవి గింజ దాచుకున్న పిండిని విడగొట్టి చక్కెర చేస్తాయి. కణాలు ఆ చక్కెరను ఆక్సిజన్‌తో కలిపి వాడుకుంటాయి. ఆ బలంతోనే వేరు దిగుతుంది, మొలక పైకి లేస్తుంది. ఆ పనిలోనే బొగ్గుపులుసు వాయువు బయటికొస్తుంది. మనం చేసేదీ అదే సార్."

"మనం చేసేది వేరు మేడమ్. మనకు సర్వీసు రూల్సున్నాయి." శరభేశ్వరరావు గారు కళ్లద్దాలు సరిచేసుకున్నారు. "ఈ ఎంజైములు ఎవరి అనుమతితో పని మొదలుపెడుతున్నాయి?"

అబద్ధం చెప్పడం సులోచనకు చేతకాదు.

"ఎంజైములు కూడా ప్రోటీన్లే సార్. ఏ ప్రోటీను ఎప్పుడు తయారవ్వాలో గింజ జన్యువుల్లో రాసి ఉంటుంది."

"రాసి ఉందా!" ఆయన ముఖం వికసించింది. "రాసి ఉంటే ఉత్తర్వు ఉన్నట్టే. ఆ ఉత్తర్వు నకలు ఒకటి ఫైల్లో పెట్టండి. ఎవరి సంతకంతో జారీ అయిందో చూసి, సవరణ కోరదాం."

సాయంత్రానికి మెమో చేతికొచ్చింది. "తమ అధీనములోని విత్తనములు కార్యాలయ వేళలందే గాక, ఆదివారములు మరియు ప్రభుత్వ సెలవు దినములందు సైతము ముందస్తు అనుమతి లేకుండా శ్వాసించుచున్నట్లు గమనించడమైనది. ఇట్టి ప్రవర్తన తీవ్రముగా పరిగణింపబడుచున్నది. సదరు శ్వాసను మొదటి విడతగా ఇరువది అయిదు శాతము తగ్గించి, మూడు దినములలో నివేదిక సమర్పించవలెను."

ల్యాబ్ అటెండరు ఖాజా మియా ఆ మెమో చదివించుకుని విన్నాడు. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ఉబ్బసం. అంతకు ముందురోజే ఆయనకు కూడా ఒక కాగితం అందింది, దగ్గదలుచుకుంటే గేటు బయటికి వెళ్లి దగ్గాలని.

"ముప్పై ఏండ్ల సర్వీసుల తాగొచ్చినవా అని అడిగిన్రు మేడమ్, ఆలస్యమెందుకైందని అడిగిన్రు. దమ్మెందుకు తీస్తున్నవని ఇప్పుడే అడుగుతున్నరు" అన్నాడు. "ఏం జవాబియ్యాలె?"

"తగ్గిస్తానని రాసివ్వు మియా" అంది సులోచన.

మూడు వారాల్లో కేంద్రం రూపురేఖలు మారిపోయాయి. మెట్లు ఒక్కొక్కటే, మెల్లగా ఎక్కాలన్నారు. గట్టిగా మాట్లాడొద్దన్నారు. గదిలో ఇద్దరికి మించి ఉండకూడదన్నారు కాబట్టి మీటింగులు మానేశారు, ఇది మాత్రం అందరికీ నచ్చింది. వారం ర్యాంకుల్లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ మొదటి స్థానంలో నిలిచింది. అందులో నలుగురుండాలి. ఒకరు మెడికల్ లీవులో ఉన్నారు. ఇద్దరు ఎక్కడున్నారో తెలియదు. నాలుగో ఆయన సంచి కుర్చీకి తగిలించి టీకొట్టు దగ్గర ఉంటాడు. ఆ గది అంకె నాలుగు వందల పద్దెనిమిది.

జూన్ నెలకు ఉత్తమ ఉద్యోగిగా సర్వారెడ్డి ఎంపికయ్యాడు. ఎనిమిది నెలలుగా సెలవులో ఉన్న స్టోరు కీపరు అతను. ఈ కాలంలో కార్యాలయ ప్రాంగణంలో ఒక్క శ్వాస కూడా విడవలేదని ప్రశంసాపత్రంలో రాశారు. శాలువా తీసుకోవడానికి అతని భార్య వచ్చింది. "ఇంట్లో కూడా ఆయన ఇంతే సార్" అని ఆమె అంటే అందరూ మెల్లగా చప్పట్లు కొట్టారు.

పనిచేసేవాళ్లకే నోటీసులు వచ్చేవి. పనిచేస్తే ఊపిరి ఎక్కువ తీయాల్సి వస్తుంది కదా.

సులోచన మాత్రం తన గింజలకు ఊపిరి తగ్గించలేకపోయింది. తలుపు తీసిపెట్టి చూసింది. అంకె కాస్త దిగింది గానీ, వరండా అంకె పెరిగి పక్క సెక్షన్ నుంచి ఫిర్యాదొచ్చింది. అప్పుడు శరభేశ్వరరావు గారే ఒక ఉపాయం చెప్పారు. గది మొత్తాన్ని కొలిచే బదులు లాటుకొక మూతసీసా పెట్టి, అందులో తడిపిన గింజలు పోసి, ఏ లాటు ఎంత శ్వాసిస్తోందో విడివిడిగా కొలవాలి. "బాధ్యత స్థిరీకరించాలి మేడమ్. సమష్టి నేరం అనేది పరిపాలనలో చెల్లదు."

అలా ముప్పైరెండు సీసాలు బల్లమీదికి వచ్చాయి.

అన్నిటికన్నా ఎర్రగా తేలింది పద్నాలుగో లాటు. గట్టుపల్లి మహిళా రైతుల సంఘం పండించిన సన్నవరి విత్తనం. ఆ సంఘం నాలుగేళ్లుగా విత్తనం పండిస్తోంది. చుట్టుపక్కల ఏడు ఊళ్లకు అదే వెళ్తుంది. అన్నిటికన్నా పచ్చగా తేలింది ఇరవై ఏడో లాటు. ఒక ప్రైవేటు సరఫరాదారు పంపిన ఆరు వందల బస్తాలు. ఆ సీసాలో మీటరు ఉదయం ఎంత చూపిందో సాయంత్రమూ అంతే చూపింది. మూడో రోజుకు కూడా అంకె కదల్లేదు.

కదలని అంకె అంటే ఏమిటో సులోచనకు తెలుసు.

ఆమె రెండు లాటుల నుంచీ వంద గింజల చొప్పున తీసి రాత్రంతా నానబెట్టింది. పొద్దున్నే ఒక్కో గింజను నిలువునా చీల్చి, రెండు గాజు పళ్లేల్లో పేర్చి, టెట్రజోలియం ద్రావణం పోసింది. ఆ ద్రావణం మంచినీళ్లలా ఉంటుంది. కణం బతికుంటే, అందులో శ్వాస పని చూసే ఎంజైములు దాన్ని పట్టుకుని ఎర్రగా మారుస్తాయి. కణం చచ్చిపోతే మార్చేవాళ్లుండరు కాబట్టి తెల్లగానే ఉండిపోతుంది. మొలక కోసం పద్నాలుగు రోజులు ఆగే తీరిక లేనప్పుడు ఇదే దారి.

మధ్యాహ్నానికి పద్నాలుగో లాటు పళ్లెంలో తొంభైకి పైగా గింజల పిండాలు దానిమ్మ గింజల రంగు తిరిగాయి. ఇరవై ఏడో లాటు పళ్లెంలో వందకు వంద, తెల్లగా, పిండిముద్దల్లా పడి ఉన్నాయి. ఎండలో రేకుల షెడ్డు కింద బస్తాలు నెలల తరబడి ఉడికిపోతే ఇలాగే అవుతుంది.

ఆమె రెండు పళ్లేలూ పట్టుకుని శరభేశ్వరరావు గారి గదికి వెళ్లింది.

"ఈ తెల్లవి ఇరవై ఏడో లాటు సార్. ఎర్రవి గట్టుపల్లి వాళ్లవి."

ఆయన ఎర్ర పళ్లెం వంక చూసి కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నారు. "నేను ముందే అనుకున్నాను. తెరమీదా ఎరుపే, పళ్లెంలోనూ ఎరుపే. రెండు విధాలా నిర్ధారణ అయింది. తెలుపు చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో!"

"సార్, అవి చచ్చిపోయాయి."

శరభేశ్వరరావు గారు తలుపు వంక చూసి గొంతు తగ్గించారు. "అటువంటి పదం కాగితం మీద పెట్టకండి మేడమ్. సరఫరాదారు మనోభావాలుంటాయి. స్థిరత్వం సాధించాయి అనండి."

"అలా రాయలేను సార్."

"రాయొద్దు. మీకు మీటరు ఎంత చూపించిందో అంతే రాయండి. శాస్త్రవేత్తను అబద్ధం రాయమని నేనెప్పుడూ అడగను."

అందులో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదామెకు. పత్రంలో ఇరవై ఏడో లాటు ఎదురుగా "శ్వాస: శూన్యం" అని రాసి సంతకం చేసింది. చదివినవాళ్లెవరికైనా సంగతి అర్థమవుతుందనుకుంది. చచ్చిపోయిన గింజ అని చెప్పడానికి అంతకన్నా స్పష్టమైన మాట ఇంకేముంటుంది?

నాలుగు రోజులకు పైనుంచి ఉత్తర్వు దిగింది. "కోనంపేట విశ్లేషకురాలు ధ్రువీకరించిన ప్రకారము" శూన్య శ్వాస విత్తనాలకు హరిత లేబులు మంజూరయింది. ఈ ఖరీఫ్‌కు ఏడు ఊళ్లలోనూ ఇరవై ఏడో లాటునే పంచాలి. పద్నాలుగో లాటును అధిక ఉద్గార విత్తనంగా ప్రకటించి తిరస్కరించారు. ఉత్తర్వు కింద ఆమె పత్రం నకలు జత చేశారు, సంతకం స్పష్టంగా కనబడేలా.

ఆరుద్ర కార్తె వచ్చింది. రెండు వానలు పడ్డాయి. గట్టుపల్లి సంఘం అధ్యక్షురాలు సత్తెవ్వ పొద్దున బస్సుకు దిగి, తిన్నగా ల్యాబ్‌లోకి వచ్చింది. యాభై ఏళ్ల మనిషి. కాళ్లకు బురద ఇంకా ఆరలేదు.

"మా గింజ ఫెయిలంట గద మేడమ్?"

సులోచన స్టూలు జరిపింది. సత్తెవ్వ కూర్చోలేదు.

"ఎండబెట్టిన కాడికెల్లి నేనే చూస్కున్న. పంటికింద టక్కుమని ఇరిగినంక సంచుల పోసినం. యాపాకు ఏసినం. పురుగు లేదు, తాలు లేదు. ఏం తక్కువైందని ఫెయిలు జేసిన్రు?"

"తక్కువ కాలేదక్కా. ఎక్కువైంది" అంది సులోచన. ఆ మాట తన నోటినుంచే వచ్చినా తనకే వింతగా వినబడింది. "మీ గింజ ఊపిరి బాగా తీస్తోంది. అందుకని."

సత్తెవ్వ ఆమె ముఖంలోకి చూసింది, నవ్వులాటకు అంటోందేమోనని. సులోచన రెండు పళ్లేలు తెచ్చి ముందు పెట్టి, ఏది ఎవరిదో చెప్పింది. ఎరుపేమిటో, తెలుపేమిటో చెప్పింది. సత్తెవ్వ వంగి ఎర్ర గింజనొకదాన్ని వేలిమీదికి తీసుకుంది.

"గిది బతికున్నది."

"అవును."

"గది పీనుగ."

"అవునక్కా."

"బతికిందానికి ఫెయిలు, పీనుగకు పాసు." సత్తెవ్వ గింజను జాగ్రత్తగా మళ్లీ పళ్లెంలో పెట్టింది. "సారు జేసిన్రంటే, సారు సదువుకున్నోడు, ఆయనకు తెల్వదు. కాయితం కింద నీ దస్కత్తున్నది గద మేడమ్. గా తెల్ల గింజ అలికితే ఏడూళ్లల్ల నారు రాదు. నారు రాలేదని తెలిసేటాళ్లకు పదిరోజులు పోతయ్, మల్ల గింజ దొరకది. నీకు తెల్వదా?"

సులోచనకు తెలుసు. ఆ కేంద్రంలో ఆమెకొక్కదానికే తెలుసు. టిఫిను డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది. సత్తెవ్వ బయటికెళ్లి గేటు దగ్గర అరుగు మీద కూర్చుంది. ఆమె అక్కడ కూర్చున్నంతసేపూ సులోచన కిటికీవైపు చూడలేకపోయింది.

పైకి అర్జీ పెడితే? పెట్టింది. వారంలో దానికి జవాబు రాదని ఆమెకు తెలుసు. కలెక్టరు దగ్గరికి వెళ్తే? వెళ్లింది. పథకం బాగా నడుస్తోందని ఆయన అభినందించి టీ ఇప్పించారు. ఇక ఏ దారీ లేక, ఆమె పథకం మార్గదర్శకాల పుస్తకం ముందేసుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. ఆ నలభై ఆరు పేజీలను అచ్చువేసినవాళ్లు తప్ప చివరిదాకా చదివిన మనిషి బహుశా ఆమె ఒక్కతే. ముప్పై ఒకటో పేజీలో ఆగింది. అక్కడున్న వాక్యం ఇది: "ఉద్గారములు అనగా కార్యాలయ ప్రాంగణ పరిధిలో వెలువడునవి మాత్రమే."

మరునాడు ఆమె శరభేశ్వరరావు గారి ముందు ఒక నోట్ పెట్టింది. ఇన్నేళ్లలో అంత చక్కటి ఆఫీసు భాషలో ఆమె ఎప్పుడూ రాయలేదు. "తిరస్కృత అధిక ఉద్గార విత్తనములు గోదాములోనే నిల్వయుండుట వలన మన కార్యాలయ ర్యాంకుకు విఘాతము కలుగుచున్నది. కావున సదరు విత్తనములను తక్షణమే ప్రాంగణము వెలుపలికి, అనగా వాటి యజమానుల గ్రామములకు తరలించుట శ్రేయస్కరము. శూన్య శ్వాస విత్తనములు మన ప్రాంగణమున ఉన్నంతవరకు సగటును తగ్గించును గనుక, వాటిని ఇతరులకు పంచి పోగొట్టుకొనక, ఇక్కడనే భద్రపరచుట యోగ్యము. పై చర్యకు ఉద్గార స్థానాంతరీకరణ అని నామకరణము చేయవచ్చును."

ఆయన చదివారు. రెండోసారి పైకి చదివారు. లేచి నిలబడ్డారు.

"ఉద్గార స్థానాంతరీకరణ!" అన్నారు. "మేడమ్, ఇన్నాళ్లూ మీరు ల్యాబ్‌లో ఎందుకున్నారు? మీరు సచివాలయంలో ఉండాల్సినవారు."

"ఏడు ఊళ్ల పంపిణీ సంగతి సార్?"

"పచ్చ విత్తనాన్ని పల్లెలకిచ్చి మన ర్యాంకు పాడుచేసుకుంటామా? వాళ్ల సంగతి వాళ్లు చూసుకుంటారు." ఆయన సంతకం చేస్తూ ఆగారు. "గ్రామాల్లో ఉద్గారాలు పెరుగుతాయేమో?"

"గ్రామం కార్యాలయం కాదు సార్."

"కాదు" అన్నారాయన నిశ్చింతగా, సంతకం పూర్తిచేశారు.

శాఖ లారీ వచ్చింది. ఆనాడు గోదాము తలుపు తీసి ఖాజా మియా చేసిన హడావిడి చూడాలి. "జల్ది ఎక్కియ్యున్రి! ఇవి మా ఆఫీసుల దమ్ము తీస్తున్నయ్! ఆర్డరున్నది!" అని అరుస్తూ ఒక్కో బస్తాకూ చెయ్యేసి తోశాడు. దగ్గొచ్చినప్పుడల్లా పరుగున గేటు బయటికెళ్లి దగ్గి వచ్చాడు. పద్నాలుగో లాటుతో పాటు ఊపిరి తీస్తున్న మిగతా లాటులన్నీ యజమానుల ఊళ్లకు బయలుదేరాయి. కబురందుకుని వచ్చిన సత్తెవ్వ డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. లారీ కదిలేముందు కిందికి వంగి, "మీ సారుకు దండం పెట్టిన్నని చెప్పున్రి" అంది. ఆమె ముఖంలో నవ్వు కనబడలేదు గానీ, కళ్లలో ఉంది.

సరఫరాదారు మనిషి వచ్చి తన బస్తాలు ఎప్పుడు పంచుతారని అడిగాడు. అవి ఇకనుంచి శాఖ సంపద అనీ, వాటికి ఏ ఇబ్బందీ రాకుండా తాళం వేయించామనీ చెప్పి, శరభేశ్వరరావు గారు అతనికి శాలువా కప్పారు. అలాంటి గింజలు మళ్లీ ఎప్పుడు పంపగలరని అడిగారు. ఎన్ని కావాలంటే అన్ని పంపగలనన్నాడతను. ఆ మాట మాత్రం నిజమే.

పదిరోజులకు కమిషనర్ గారి తనిఖీ పెట్టుకున్నారు. ఆ ముందురోజు తెరమీద సగటు నాలుగు వందల అరవై చూపిస్తోంది. ఇంకా దించాలంటే ఏం చేయాలని శరభేశ్వరరావు గారు చాలాసేపు ఆలోచించారు. ఇక మిగిలింది సిబ్బంది. తనిఖీ రోజు ఎవరూ కార్యాలయంలోకి రావద్దని, హాజరు రోడ్డు మీదే వేస్తామని సర్క్యులర్ పంపారు. తలుపులన్నీ మూసి తాళాలు వేయించారు. కమిషనర్ గారు వచ్చి, తాము లోపలికి అడుగుపెడితే అంకె పెరుగుతుందని గ్రహించి, కిటికీ అద్దంలోంచే తెరను చూశారట. నాలుగు వందల పంతొమ్మిది. బయటి గాలికీ లోపలి గాలికీ తేడా లేదు. రిబ్బను గేటుకే కట్టి గేటు దగ్గరే కత్తిరించారు. "ఈ కార్యాలయంలో నాకు ఎలాంటి చలనమూ కనబడలేదు. నా ముప్పై ఏళ్ల సర్వీసులో ఇటువంటి పనితీరు చూడలేదు" అని మైకులో అన్నారట.

ఈ సంగతంతా సులోచనకు తర్వాత ఖాజా మియా చెప్పాడు. ఆ సమయానికి ఆమె గట్టుపల్లిలో, సత్తెవ్వ నారుమడి గట్టుమీద చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి కూర్చుని ఉంది. మడి మూలన సత్తెవ్వ వరుసపెట్టి వంద గింజలు వేరుగా వేసింది, ఈమె చెప్పినట్టే. పచ్చటి సూదుల్లా మొలకలు లేచాయి. సులోచన ఒక్కొక్క మొలకనూ వేలితో తాకుతూ లెక్కపెట్టింది.

"తొంభై మూడు" అంది.

"మల్లొకసారి లెక్కవెట్టు" అంది సత్తెవ్వ.

మళ్లీ లెక్కపెట్టింది. తొంభై మూడే. మిగతా ఊళ్లలో కూడా నారు బాగా వచ్చిందని సత్తెవ్వ చెబుతూ ఉండగా ఫోను మోగింది. శరభేశ్వరరావు గారు. గొంతులో ఉత్సాహం ఆగడం లేదు.

"మేడమ్, రాష్ట్రంలో మనదే మొదటి స్థానం! కమిషనర్ గారు మీ పేరు ప్రత్యేకంగా అడిగారు."

"సంతోషం సార్."

"ఇంకొక శుభవార్త. మీ ఉద్గార స్థానాంతరీకరణ సూత్రం ఆయనకు ఎంత నచ్చిందంటే, మిగతా శాఖలకు కూడా సిఫారసు చేశారు. వచ్చే నెల మొదట జిల్లా ఆసుపత్రిలో అమలు చేస్తారట. అక్కడ వార్డుల్లో అంకెలు ఘోరంగా ఉన్నాయి మేడమ్. రెండు వేలు, మూడు వేలు. ఒక్క గది మాత్రం మొదటినుంచీ పచ్చగా ఉందట. వెనకవైపు ఉంటుందే, ఆ చల్లటి గది. దాన్ని ఆదర్శంగా తీసుకుని, ఎక్కువ శ్వాసించేవాళ్లని ముందు ప్రాంగణం వెలుపలికి తరలించి... ఆ వివరాలన్నీ నోట్ రూపంలో మీరే రాయాలి. శాస్త్రీయ అధికారి సంతకం తప్పనిసరి. జిల్లాలో మీరొక్కరే ఉన్నారు."

గోదాము గురించి నోట్ రాసేటప్పుడు తను మనసులో ఎంత నవ్వుకుందో సులోచనకు గుర్తొచ్చింది. వాళ్ల భాషలో రాస్తే పని అయిపోతుందనుకుంది. పనైంది. ఇప్పుడు ఆ భాష కాళ్లు మొలిచి ఆసుపత్రి వైపు బయలుదేరింది.

"సార్, నేను రాయను."

ఇరవై రెండేళ్లలో ఆమె ఏ ఆదేశానికైనా చివరికి "పరిశీలిస్తాను సార్" అనే అంది.

"అంటే? పరిశీలించి రాస్తారా?"

"పరిశీలించను సార్. రాయను. సంతకం కూడా పెట్టను."

"మేడమ్, ఇది ఆదేశ ధిక్కారం కిందికి వస్తుంది. కారణం రాతపూర్వకంగా ఇవ్వాల్సి ఉంటుంది."

"ఇస్తాను."

సత్తెవ్వ ఏమైందని అడిగితే సులోచన ఉన్నదున్నట్టు చెప్పింది. "మా చిన్నాడిబిడ్డ కానుపుకు గా దవాఖానలనే ఉన్నది" అంది సత్తెవ్వ. అని, లేచి, మడికి నీళ్లు మళ్లించడానికి వెళ్లింది.

సులోచన బస్సులో వస్తూ సంజాయిషీకి నాలుగు రకాల వాక్యాలు అనుకుంది. మార్గదర్శకాల పేజీ నంబర్లు వేసి రాయొచ్చు. సర్వీసు రూల్సు ఉదహరించి రాయొచ్చు. ఆ విద్య ఇప్పుడు తనకు బాగా వచ్చు. కానీ అలా రాస్తే దానికీ ఒక పేరు పెట్టి ఇంకెక్కడికో పంపుతారేమోనని భయమేసింది. ఇంటికి చేరి, తెల్లకాగితం తీసుకుని, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో ఒక్క వాక్యం రాసింది: "సార్, నేను బతికున్నాను, ఊపిరి తీసుకుంటున్నాను, అందుకని ఈ పని చేయలేను."

ఆమె సంతకం లేక ఆసుపత్రి ఫైలు ఆ నెల కదల్లేదు. ఆ పై నెలా కదల్లేదు. ఈలోగా సత్తెవ్వ ఆడబిడ్డకు మగపిల్లవాడు పుట్టాడు. వాడు పుడుతూనే వార్డు మొత్తం వినబడేలా ఏడ్చాడట. సులోచన మీద విచారణ మొదలైంది.

శరభేశ్వరరావు గారు ఆ సంజాయిషీని జాగ్రత్తగా రెండుసార్లు చదివారు. అంచున ఎర్ర సిరాతో "నేరము అంగీకరించినది" అని రాసి, పైకి పంపారు.